నీళ్ళ మనిషి అడుగుజాడలు

మా సరస్సు మీద పుట్టినవాడికి అడుగుజాడలుండవు. వెదురు చప్టా మీద పాకుతాడు, చెక్క వంతెన మీద నిలబడటం నేర్చుకుంటాడు. ఆ తర్వాత పడవ కొసన ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు తెడ్డుకి చుట్టి, బతుకంతా అలాగే గడిపేస్తాడు. పక్కింటి నుంచి నిప్పు తేవాలన్నా పడవే, పెళ్ళికూతుర్ని తేవాలన్నా పడవే, చచ్చినవాణ్ణి గట్టు చేర్చాలన్నా పడవే. ఇందులో వింత ఉందని మాకెవరికీ తోచలేదు. సో న్యుంట్‌కి కూడా నలభై దాటేదాకా తోచలేదు.

సో న్యుంట్ పెద్ద గొప్పవాడేం కాదు. నీళ్ళ మీద తేలే మళ్ళలో టమాటాలు పండించి సంతలో అమ్ముకునేవాడు. కానీ మా ఇన్లే సరస్సులో, మా యే లే ఊరి పెద్ద పడవ ఎక్కినప్పుడు మాత్రం అతను వేరే మనిషి. ఆ పడవలో మగవాళ్ళు రెండు వరసల్లో నిలబడతారు. కుడి వరసవాళ్ళు కుడికాలితో తెడ్డు వేస్తారు, ఎడమ వరసవాళ్ళు ఎడమకాలితో. మీసాలు మొలిచే వయసులో ఏ వైపు నిలబెట్టారో ముసలితనం దాకా అదే వైపు. కుడి వరసలో మొదటి కాలు సో న్యుంట్‌ది. వెనకవాళ్ళందరి చూపూ అతని మడమ మీదే ఉంటుంది. అది లేస్తే అన్ని కాళ్ళూ లేస్తాయి, అది దిగితే అన్నీ దిగుతాయి.

వానలు వెనకబట్టాక వచ్చే పండగలో, బుద్ధుడి విగ్రహాలు బంగారు పక్షి ఆకారం పడవలో ఊరూరా తిరుగుతాయి. మా ఊరి వంతు వచ్చిన పొద్దున, మా పెద్ద పడవ ఆ పక్షికి తాడు కట్టి పై ఊరి దాకా లాక్కుపోతుంది. ఏడాదికి ఆ ఒక్క పొద్దున్న. మిగతా రోజులన్నీ ఆ పొద్దున కోసం తిండి తిని ఒళ్ళు కాపాడుకోవటానికే ఉన్నాయని సో న్యుంట్ మనసులో అనుకునేవాడు, పైకి అంటే పెళ్ళాం ఊరుకోదు కాబట్టి.

అయితే ఆ పడవకో కట్టుబాటుంది. చోటు వదిలినవాడికి ఆ చోటు మళ్ళీ రాదు. అక్కడ ఇంకొకడి కాలు పడిందంటే ఇక అది వాడిదే. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అందుకే దాన్ని తీసేసే మొనగాడూ లేడు.

ఎండాకాలం చివర్లో ఒక తెల్లవారుజామున, మంచు ఇంకా నీళ్ళను వదలక ముందే, సో న్యుంట్ పొడుగాటి వెదురుగడతో అడుగున ఉన్న నాచు మెలిపెట్టి లాగుతున్నాడు. టమాటా మడికి ఆ నాచే ఎరువు. గడ తిప్పాడు, నడుము తిరగలేదు. లోపల ఏదో పట్టుకుని కొరికినట్టయింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఎదురుగా నీళ్ళలో తన మొహం, దాని వెనక తెల్లటి ఆకాశం. ఎంతసేపు అలా తన మొహం తనే చూసుకున్నాడో అతనికే తెలియదు. పక్కగా పోతున్న పడవలోంచి ఎవరో "ఏం సో న్యుంట్, చేపలతో మాట్లాడుతున్నావా?" అని అరిచారు. "ఆ, మీ యోగక్షేమాలు అడుగుతున్నాయి" అన్నాడు తల ఎత్తకుండా. ఎత్తలేక.

కొన్నాళ్ళు దాచాడు. కానీ పెళ్ళాం దగ్గర నడుంనొప్పి దాచటం, నీళ్ళలో ఉల్లిపాయ దాచటం రెండూ ఒకటే, తేలిపోతుంది. ఒక సాయంత్రం అతను చేత్తో తెడ్డు వేసుకుంటూ, కూర్చుని ఇంటికి రావటం పెళ్ళాం ఖిన్ లే చూసింది. మా దగ్గర ఆడవాళ్ళే కూర్చుని తెడ్డు వేస్తారు.

"ఏమయ్యా, నా రవిక కూడా ఇవ్వనా?" అంది నవ్వుతూ. మెట్టు ఎక్కబోయి అతను పళ్ళు బిగించటం చూసి నవ్వు ఆపేసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం లేదు."

"ఆ ఏమీ లేనిది ఎన్నాళ్ళ నుంచి?"

మర్నాడు అతన్ని పడవలో పడుకోబెట్టి, తనే తెడ్డు వేసి న్యాంగ్ ష్వే పట్నం తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది, పొడి నేల మీద పెరిగిన పిల్ల. నడుము నొక్కి చూసింది, కాళ్ళు ఎత్తించింది, దించింది.

"ఎముకకేం కాలేదు బాబాయ్. ఎప్పుడూ ఒకే వైపు పని చేసి చేసి అలిసిపోయింది. కొన్నాళ్ళు తెడ్డు మానెయ్యాలి. అలాగని మంచం ఎక్కితే మొదటికే మోసం. ఈత కొట్టండి, సైకిలు తొక్కండి, లేదంటే నడవండి."

"ఎక్కడ నడవను తల్లీ?"

"నేల మీద."

"మా ఊళ్ళో నేల లేదమ్మా."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "ఉన్న చోటికి వెళ్ళండి మరి."

"పండగ నాటికి పడవలో కాలు పెట్టనిస్తారా?"

"శ్రద్ధగా చేస్తే పెట్టొచ్చు" అంది. ఆ మాట సో న్యుంట్ దేవుడి ప్రసాదంలా మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

తెడ్డు మానాలంటే పడవ పెద్దకి చెప్పాలి. మా పడవ పెద్ద ఊ ఫో తాయ్. ఎప్పుడు చూసినా వంతెన కొసన పేము కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటాడు, నోట్లో చుట్ట. ఆ చుట్ట జారి కింద పడితే తను తీసుకోడు. దారిన పోయే ఎవరో ఒకరు తీసి ఇచ్చేదాకా సరస్సు వైపు చూస్తూ ఉంటాడు. అది ఆయన దర్జా అనుకునేవాళ్ళం అందరం. ఆ రోజు కూడా చుట్ట పడింది. సో న్యుంట్‌ వంగలేక మోకాళ్ళ మీద కూలబడి, దాన్ని తీసి ఇచ్చాడు. పెద్దాయన అతని వంక అదోలా చూశాడు.

"నడుమా?"

"అవును పెద్దయ్యా. పండగ నాటికి సర్దుకుంటుందట. అందాకా..."

"అందాకా అని చోటు ఖాళీగా ఉంచుతారట్రా? రేపటి నుంచి సాధన. మొదటి కాలు లేకపోతే మిగతా కాళ్ళు దేన్ని చూస్తాయి, నా చుట్టనా?"

"కొన్నాళ్ళే గదా పెద్దయ్యా."

"నీ బామ్మర్ది జా లిన్ నిలబడతాడు. కట్టుబాటు నీకు తెలుసు."

ఆ చోటు సో న్యుంట్‌కి ఇచ్చింది ఈ పెద్దాయనే. తనే మొదటి కాలుగా ఉన్నవాడు ఒక ఏడాది హఠాత్తుగా పక్కకి తప్పుకుని, "ఇక నువ్వు నిలబడరా, నీ కాల్లో బలం ఉంది" అన్నాడు. ఆ మాట మీద సో న్యుంట్ ఇన్నేళ్ళు బతికాడు. ఇప్పుడు అదే నోరు ఇలా అంటోంది.

ఇంటికొస్తే జా లిన్ గుమ్మంలో తచ్చాడుతున్నాడు. "బావా, నేను అడగలేదు. ఒట్టు."

"అడక్కపోయినా వచ్చినదాన్ని కాలితో తన్నకు. మడమ సరిగ్గా ఎత్తు, గెంటుతున్నట్టు కాదు, లేపుతున్నట్టు" అని లోపలికి పోయి పడుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

కానీ పడుకుంటే కాలు ఎండిపోతుంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ వరసగా మొదలుపెట్టాడు. ముందు ఈత. ఇళ్ళ మధ్య కాలవలో దిగితే గుర్రపుడెక్క మెడకి దండలా చుట్టుకుంది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని పక్కింటి ముసలమ్మ కిటికీలోంచి తీర్పు చెప్పింది. సైకిలు లేదు, ఉన్నా తొక్కే చోటు లేదు. ఖిన్ లే మగ్గానికి కాళ్ళతో తొక్కే చెక్కలుంటాయి గదా, అవి తొక్కి చూస్తానన్నాడు. తామర కాడల నుంచి తీసిన నూలు తెగి తెగి ముడులతో నిండిపోయింది. "నీ నడుము బాగయ్యేలోపు నా కొంప మునుగుతుంది, లే అక్కణ్ణుంచి" అని ఖిన్ లే చీపురు అందుకుంది.

ఇక మిగిలింది నడక.

అయిదు రోజులకోసారి జరిగే సంత గట్టు మీద. టమాటాలు అమ్మేశాక మేం ఎవరమైనా చేసే మొదటి పని మళ్ళీ పడవెక్కటం. ఆ రోజు సో న్యుంట్ పడవెక్కలేదు. సంత వెనక నుంచి కొండ మీదికి ఎర్రమట్టి దారి ఉంది. పా-ఓ కొండవాళ్ళు అల్లం, వెల్లుల్లి, చుట్టలు చుట్టే ఆకు బుట్టల్లో నింపి, బుట్ట తాడు నుదుటికి వేసుకుని దిగేది దాని మీదే. రాత్రి వాన కురిసి దారి మెత్తగా ఉంది. అతను కాలు పెట్టాడు. నేల వేళ్ళ మధ్య నుంచి చల్లగా పైకి వచ్చింది. పడవ కదిలినట్టు ఇది కదలదు. అదే అతనికి భయమేసింది, కిందున్నది ఇంత నిలకడగా ఉండటం.

కొంత దూరం పోయేసరికి వెనక నుంచి పకపకా నవ్వు వినిపించింది. నాంగ్ లోన్. నల్ల బట్టలు, తలకి నారింజ రంగు గుడ్డ, ఖాళీ బుట్ట. ఏళ్ళ తరబడి అతని టమాటాలకి అల్లం మార్చుకునే మనిషి, మార్చుకున్న ప్రతిసారీ ఒక ఎత్తిపొడుపు ఉచితంగా వేసే మనిషి.

"ఏం నీళ్ళబాతూ, దారి తప్పావా?"

"నడుస్తున్నా అక్కా. నడుముకి మందట."

"నడవటమా ఇది? వెనక్కి తిరిగి చూడు."

తిరిగి చూశాడు. ఎర్రమట్టిలో తన అడుగులు. పుట్టి బుద్ధెరిగాక తన అడుగుల్ని అతను అంత వరసగా చూడటం అదే మొదలు. ఎడమ పాదం ప్రతిచోటా లోతుగా దిగి ఉంది, నీళ్ళు ఊరి అందులో మబ్బు కనపడుతోంది. కుడి పాదం తేలిగ్గా, అంచు మాత్రమే తగిలి, వేళ్ళు బయటికి తిరిగి ఉంది. కొన్ని చోట్ల అది దారి వదిలేసి గడ్డిలోకి పోయింది.

"ఆ కుడికాలు ఏం వెతుక్కుంటోందయ్యా గడ్డిలో?" అంది నాంగ్ లోన్.

సో న్యుంట్‌కి తెలుసు అదేం వెతుక్కుంటోందో. తెడ్డు. పాపం, నేల మీదికి వచ్చినా దానికి తెడ్డు తప్ప వేరే ఊహ లేదు. ఎడమకాలు ఇన్నేళ్ళూ మొత్తం మనిషిని మోస్తూ నిలబడే ఉంది, ఒక్కరోజు ఆడటానికి పోలేదు. తన ఒంట్లోనే ఇద్దరు అన్నదమ్ములు మాటల్లేకుండా బతుకుతున్నట్టు అనిపించి అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకు, ఏడిస్తే దారి ఇంకా జారుతుంది" అంది నాంగ్ లోన్, గొంతు కాస్త మెత్తబరిచి. "నా అడుగుల్లో అడుగేసి నడువు. కుడికాలు గడ్డిలోకి పోతే బుట్టతో కొడతా."

అలా మొదలైంది. ప్రతి పొద్దునా ఖిన్ లే అతన్ని గట్టున దింపేది. చేతిలో అన్నం మూట పెట్టి, "కొండమీద అత్తారింటికి పోయిరా" అనేది. బుట్ట దించి తిరిగి కొండెక్కే నాంగ్ లోన్ ముందు, అతను వెనక. మొదట్లో సగం దారికే నడుము పట్టేసేది, రాయి మీద కూర్చునేవాడు. ఆమె ఆగేది కాదు. పైన వాళ్ళ ఇంట్లో వేడి పెనం మీద చుట్టాకు ఆరబెట్టే వాసన కిందికి దిగేది. ఆ వాసన పట్టుకుని మళ్ళీ లేచేవాడు.

వానలు ముదిరాయి. మబ్బు దారి మీదికి దిగి, ముందు నడిచే నారింజ రంగు తలగుడ్డ ఒక్కటే కనిపించేది. చుట్టూ ఏమీ లేదు, నీళ్ళూ లేవు, ఊరూ లేదు. నడుస్తున్నానో కలగంటున్నానో అతనికి తెలిసేది కాదు. ఒకరోజు పైకి చేరాక మబ్బు విడిపోయి, కింద సరస్సు మొత్తం కనిపించింది. దాని మీద బతుకంతా గడిపినవాడు దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఇళ్ళు, మళ్ళు, పడవలు అన్నీ నీళ్ళలో చల్లిన పొట్టులా ఉన్నాయి. మధ్యలో ఒక సన్నటి గీత కదులుతోంది. మా ఊరి పెద్ద పడవ, సాధనలో ఉంది. అతనున్న చోటు నుంచి అది ఏ మాత్రం చప్పుడు లేకుండా పోతోంది. ఆ గీత మొదట్లో ఉండాల్సినవాడు ఇక్కడున్నాడు.

"దిగులా?" అంది నాంగ్ లోన్.

"దిగులే అక్కా. దాచను. నేను లేకుండా కూడా అది కదులుతోంది, అదే దిగులు."

ఆమె అతని చేతిలో వేయించిన అల్లం ముక్క పెట్టింది.

రాను రాను ఎడమ పాదం లోతు తగ్గింది, కుడి పాదం దారిలోకి వచ్చింది. ఒక పొద్దున సో న్యుంట్ వెనక్కి తిరిగి చూస్తే, తన అడుగులు ఏవో, ఆమె అడుగులు ఏవో తేలలేదు. ఆ రోజు నాంగ్ లోన్ బుట్టెడు అల్లం అతని నుదుటికి తగిలించింది. కిందికి మోసుకొచ్చాడు. నడుము మాట్లాడలేదు.

ఆ సాయంత్రం అతను ఇంటికి తిన్నగా పోలేదు. తేలే మళ్ళ చాటున, ఎవరూ చూడని సందులో, పడవ కొసన అలవాటు లేని రెండో వైపు నిలబడ్డాడు. కుడికాలి మీద నిలబడి, ఎడమకాలు తెడ్డుకి చుట్టాడు. వెంటనే నీళ్ళలో పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. నలభై దాటినవాడు పసివాడిలా పడుతుంటే టమాటా తీగలు తప్ప నవ్వేవాళ్ళు లేరు. ఎడమకాలికి ఏదీ రాదు. కానీ దానికి ఎంత ఆశగా ఉందో అతనికి తెలిసింది. చీకటి పడేదాకా ఆ కాలితో ఆడుకున్నాడు. తర్వాతి సాయంత్రాలూ అంతే.

పండగ ముందు పడవవాళ్ళంతా వంతెన దగ్గర చేరారు. సో న్యుంట్ వెళ్ళి పేము కుర్చీ ముందు నిలబడ్డాడు.

"నడుము బాగైంది పెద్దయ్యా."

"సంతోషం. కుడి మొదటి కాలు జా లిన్‌ది."

జా లిన్ ముందుకొచ్చాడు. "పెద్దయ్యా, బావకే ఇచ్చెయ్యండి. నేను వెనక ఎక్కడైనా..."

"నోర్ముయ్" అన్నాడు ఊ ఫో తాయ్. "చోటంటే చెప్పులనుకున్నావా, వాడివి వీడూ వీడివి వాడూ వేసుకోవటానికి?"

"నాకు ఆ చోటు వద్దు" అన్నాడు సో న్యుంట్. ఆ మాట నోట్లోంచి రావటానికి ఎంత కష్టపడిందో అతనికే తెలుసు. "ఎడమ వరసలో చివరి చోటు ఖాళీ ఉంది గదా. అది ఇవ్వండి."

అంతా గొల్లుమన్నారు. ఆ చోటు అప్పుడే మీసాలు మొలిచే కుర్రాళ్ళది. "ఎడమకాలితోనా? సంసారం నీళ్ళపాలు చేస్తావురా!" అన్నారెవరో. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "నిలబడి చూపించు" అన్నాడు.

చూపించాడు. అందంగా ఏం లేదు. తెడ్డు రెండుసార్లు జారింది. కానీ పడలేదు, వంగలేదు, ఒళ్ళు నిటారుగా ఉంది. ఊ ఫో తాయ్ అతని కాలు చూడలేదు, నడుమే చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా చుట్ట జారి కింద పడింది. "ఎక్కించండి" అన్నాడు.

పండగ పొద్దున బంగారు పక్షి మంచులోంచి వచ్చింది. ముందు గంటల చప్పుడు, తర్వాత రెక్క అంచు, ఆ తర్వాత మొత్తం పక్షి. వంతెన మీద ఆడవాళ్ళు తామరలు పట్టుకుని మోకరిల్లారు. తాడు బిగిసింది. ఎక్కడో చాలా ముందు జా లిన్ మడమ లేచింది, గెంటినట్టు కాదు, లేపినట్టు. అన్ని కాళ్ళూ లేచాయి. చివరన సో న్యుంట్ ఎడమకాలు కూడా లేచింది, రవ్వంత ఆలస్యంగా.

ఇన్నేళ్ళూ అతనికి ముందు నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఇప్పుడు మొత్తం పడవ కనిపిస్తోంది. ఇన్ని వీపులు. ఎవరి వీపు ఎవరిదో మొహం చూడకుండానే చెప్పగలడు, అందరూ చిన్ననాటి నుంచి తెలిసినవాళ్ళే. కుడి వరసలో వీపులన్నీ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి, ఎడమ వరసవి ఇంకో పక్కకి. నడివయసు వాళ్ళవి మరీ. ఒకడు తెడ్డు వేసిన ప్రతిసారీ భుజం కొద్దిగా వణుకుతోంది. ఇంకొకడు ఊపిరి బిగబట్టి లాగుతున్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అందరూ నవ్వుతూ లాగుతున్నారు. సో న్యుంట్‌కి వాళ్ళ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. మొదటి కాలుగా ఉన్నప్పుడు వాళ్ళంతా తనని చూశారు. తను వాళ్ళని ఒక్కసారీ చూడలేదు. ఏడుస్తూనే తెడ్డు వేశాడు. పై ఊరి దాకా తాడు సడలలేదు.

పండగ అయిపోయాక వచ్చిన సంత నాడు, సో న్యుంట్ అలవాటు చొప్పున ఎర్రమట్టి దారికి వచ్చాడు. దారి మొదట్లో ఎవరో నిలబడి ఉన్నారు, గొడుగు ఊతగా పట్టుకుని. ఊ ఫో తాయ్. వంతెన కొసన కుర్చీలో తప్ప ఆయన్ని ఇంకెక్కడా చూసి ఎరగడు సో న్యుంట్. ఆయన అప్పటికే కొన్ని అడుగులు వేసి, ఆగిపోయి, ఎటూ తోచక కొండ వైపు చూస్తున్నాడు.

సో న్యుంట్ కిందికి చూశాడు. తడిమట్టిలో పెద్దాయన అడుగులు. ఎడమ పాదం లోతుగా. కుడి పాదం తేలిగ్గా, వేళ్ళు బయటికి తిరిగి, గడ్డి వైపు.

పడిపోయిన చుట్టలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దయ్యా?"

ఆయన సరస్సు వైపు చూశాడు. "నీ కాల్లో బలం ఉందని చెప్పి నా చోటు నీకిచ్చానే, ఆ ఏటి నుంచి" అన్నాడు. "బలం ఉన్నమాట నిజమేలే. అది అబద్ధం కాదు."

పైనుంచి నాంగ్ లోన్ బుట్టతో దిగుతూ వాళ్ళిద్దర్నీ చూసి ఆగింది. "ఓరి నాయనో, ఇంకో బాతా!" అని అరిచింది.

సో న్యుంట్ పెద్దాయన చేతిలోంచి గొడుగు తీసుకుని, ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నా అడుగుల్లో అడుగేయండి పెద్దయ్యా" అన్నాడు. మెల్లగా మడమ ఎత్తాడు. వెనక నుంచి ఆయన దాన్నే చూస్తూ తన కాలు ఎత్తాడు.